ఓల్టేజీని పసిగట్టే ఎంజైము

కణత్వచం మందం దాదాపు 7 నానోమీటర్లే అయినా, విశ్రాంతిలో ఉన్న నాడీకణపు లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు రుణాత్మకంగా ఉండటం వల్ల ఆ పొరలో మీటరుకు కోటి వోల్టుల విద్యుత్ క్షేత్రం నెలకొంటుంది. గాలిలో నిప్పురవ్వ ఎగరడానికి 30 లక్షలు చాలు. ఆ క్షేత్రంలో ఇమిడిన ప్రోటీన్లలో కొన్ని దాని మార్పును పసిగడతాయి; అందుకు పొరలో ఆవేశంగల భాగమేదో కదలాలని 1952లోనే శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఊహించారు. ఆ కదలిక పుట్టించే సూక్ష్మ విద్యుత్తును 1973లో ఆర్మ్‌స్ట్రాంగ్, బెజానిల్లా కొలిచారు. అయితే ఈ విద్య అయాన్లను పంపే మార్గాలకే సొంతమన్న నమ్మకం మరో మూడు దశాబ్దాలు చెక్కుచెదరలేదు.

దాన్ని 2005లో కూలదోసింది సియోనా అనే సముద్రజీవి. జపాన్‌కు చెందిన యసుషి ఒకామురా బృందం అందులో కనుగొన్న ప్రోటీనుకు అయాను మార్గమే లేదు. పొరలో నాలుగు పోగుల ఓల్టేజీ గ్రాహకం, దాని కింద కణద్రవంలో ఒక ఫాస్ఫటేజు, అంటే ఫాస్ఫేటును తెంచే ఎంజైము మాత్రమే ఉన్నాయి. నాలుగో పోగులో ఆర్జినీన్ అనే ధనావేశపు అమైనో ఆమ్లాలు మూడేసి స్థానాలకొకటి చొప్పున వరుసగా ఉంటాయి. లోపలి రుణావేశం వాటిని కిందికి లాగిపెడుతుంది, ఆ రుణావేశం తగ్గగానే పోగు బయటి వైపు జరుగుతుంది, ఆ కదలిక పొట్టి లంకె గుండా ఎంజైముకు చేరుతుంది. ఇబ్రహీంపట్నం పొలాల్లో కరెంటు రాగానే మోటారును నడిపించే ఆటోస్టార్టరుకూ దీనికీ పోలిక ఉంది, కాకపోతే ఇక్కడ స్టార్టరు, మోటారు రెండూ ఒకే అణువు. మేల్కొన్న ఎంజైము పొరలోని ఫాస్ఫోఇనోసిటైడ్ అనే కొవ్వుల నుంచి ఫాస్ఫేటును కత్తిరిస్తుంది. పీటెన్ అనే ఎంజైముతో పోలిక చూసి ఇది మూడో స్థానపు ఫాస్ఫేటును తెంచేదేనని మొదట తలచారు. ఐదో స్థానాన్నీ తెంచుతుందని 2008లో అదే బృందం చూపింది.

తెగిన ఫాస్ఫేటును లెక్కించే విద్యలో తెలుగువారి వాటా చిన్నది కాదు: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతిలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, క్షయకరణం చెంది నీలిరంగు తేలుతుంది, ఆ రంగు గాఢతే కొలత. జీవరసాయన శాస్త్రంలో తరతరాల విద్యార్థులు ఈ పద్ధతిని వాడారు.

ఇక ఉపయోగమేమిటని అడిగేవారి తొందర శాస్త్రానికి అక్కరలేనిది. అయినా చెప్పాలంటే, పొరలోని ఫాస్ఫోఇనోసిటైడ్ కొవ్వును క్షణాల్లో తగ్గించి చూసే ప్రయోగ సాధనంగా ఈ ఎంజైము ఇప్పటికే పనికొస్తోంది, ఎలుకల శుక్రకణాల్లో దీని జన్యువును తొలగిస్తే వాటి ఈత చెడుతుందని 2019లో తేలింది.