డాలస్‌లో కొత్త ఇల్లు: రెండో ఏడాది కిస్తీ ఎందుకు పెరుగుతుంది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి వెళ్లిన మనవాళ్లు ఎవరైనా డాలస్‌లో కొత్త ఇల్లు కొంటున్నారా? అయితే ఈ ముచ్చట వాళ్ల కోసమే.

మన దగ్గర ఇంటి పన్ను మున్సిపాలిటీకో, పంచాయతీకో కడతాం. టెక్సాస్‌లో ఒకే ఇంటి మీద కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ వేర్వేరుగా పన్ను వేస్తాయి. సాధారణంగా పెద్ద వాటా స్కూళ్లదే.

అసలు తిరకాసు ఇక్కడుంది. జనవరి 1న ఇల్లు ఎలా ఉందో చూసి విలువ కడతారు. ఆ రోజుకు అక్కడ ఖాళీ ప్లాటే ఉంటే, ఆ ఏడాది పన్ను జాగకే పడుతుంది. మరుసటి ఏడాది పూర్తి ఇంటికి పడుతుంది. పన్ను సొమ్మును ఎస్క్రో పేరుతో లోన్ కిస్తీలో కలిపి తీసుకుంటుంటే, కిస్తీ ఒక్కసారిగా పెరుగుతుంది. పాత లోటు కూడా అందులోనే కలుస్తుంది.

మరి ఏం చేయాలి? సొంతంగా అందులోనే ఉంటుంటే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు అప్లై చేయాలి. దానికి ఫీజు లేదు. 2025 నుంచి స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువలో 1,40,000 డాలర్లు తీసేస్తారు. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఆ ఇంటి అడ్రసే ఉండాలి. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మామూలుగా మే 15లోపు అభ్యంతరం చెప్పొచ్చు. బిల్లుకు గడువు జనవరి 31.

నేను చెప్పేది ఒక్కటే: కొనకముందే లోన్ ఇచ్చేవాళ్లను "పూర్తి ఇంటి పన్నుతో నెలకు ఎంత పడుతుంది?" అని అడగమనండి. ఆ లెక్క జీతానికి సరిపోతేనే సంతకం పెట్టమనండి.