ప్రాత కారు – క్రొత్త నిప్పురవ్వ

1888వ సంవత్సరము ఆగస్టు మాసమున ఒకనాటి ప్రాతఃకాలమున జర్మనీ దేశములోని మన్‌హైము పట్టణమునుండి ఒక మూడు చక్రముల బండి బయలుదేరినది. దానికి గుఱ్ఱములు లేవు. దానిపై ప్రయాణము చేయుచున్నవారు బెర్తా బెంజి అను స్త్రీయు, ఆమె కుమారులిద్దఱును. ఆ బండిని నిర్మించినవాడు ఆమె భర్తయగు కార్లు బెంజి. అది దూరప్రయాణమునకు పనికివచ్చునని లోకమునకు చూపదలచి, ఆమె సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున ఫోర్జ్‌హైము పట్టణముననున్న పుట్టినింటికి పయనమయ్యెను. త్రోవలో నిప్పురవ్వను పుట్టించు విద్యుత్తు తీగ పైపొర చెడినది. ఆమె కలతపడక, తన మేజోటిని బిగించు పట్టీని దానికి చుట్టి బండిని మరల నడిపించెనని చెప్పుదురు. ఆనాటినుండియు కారు నడచుటయు నిలుచుటయు ఒక చిన్న నిప్పురవ్వపై ఆధారపడియున్నవి.

పెట్రోలును గాలియు ఉన్నంతమాత్రమున ఇంజను నడువదు. ఈ రెండింటి మిశ్రమము సిలిండరులో ప్రవేశించును. పిస్టను పైకి వచ్చి దానిని అదుమును. సరిగా ఆ సమయమునకు స్పార్కు ప్లగ్గు కొనయందు రవ్వ పుట్టవలెను. అప్పుడు మిశ్రమము భగ్గున మండి పిస్టనును క్రిందికి నెట్టును. రవ్వ మిక్కిలి ముందుగా పుట్టినచో పైకి వచ్చుచున్న పిస్టనునకు ఎదురుదెబ్బ తగులును. కడ్డీతో ఇంజనును చేత త్రిప్పు దినములలో ఈ ఎదురుదెబ్బవలన మణికట్టు విరిగినవారు కలరు. రవ్వ ఆలస్యమైనచో శక్తి వృథాయై ఇంజను వేడెక్కును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు సెకనునకు 100 రవ్వలు కావలెను. ఒక్కొక్క రవ్వకు వేలకొలది వోల్టులు అవసరము. కాని ప్రాత కారులోని బ్యాటరీ ఇచ్చునది ఆఱు గాని, పండ్రెండు గాని వోల్టులు మాత్రమే. ఈ కొఱతను తీర్చు ఉపాయమే జ్వలన విధానము. దీనినే ఇగ్నిషన్ అందురు.

తొలినాళ్ళలో దీనికై పలువురు పలు మార్గములను వెదకిరి. 1902లో జర్మనీలోని బాష్ సంస్థయందు గాట్లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు అధిక వోల్టుల మాగ్నెటోను సిద్ధము చేసెను. మాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు. ఇంజను తిరుగుచుండగా అయస్కాంతమునకును తీగచుట్టకును నడుమ కలుగు చలనమే దానిలో విద్యుత్తును పుట్టించును. ఆ దినములలో ఏ విధానమును పూర్తిగా నమ్మదగినది కాదు. కావుననే రోల్స్ రాయిస్ సంస్థవారు తమ సిల్వర్ గోస్ట్ కారునందు ప్రతి సిలిండరునకు రెండేసి ప్లగ్గులను అమర్చి, ఒకదానికి మాగ్నెటోనుండియు, రెండవదానికి బ్యాటరీనుండియు రవ్వ అందునట్లు చేసిరి. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము ప్రభువుల రోల్స్ రాయిస్ కారును చూచువారు దాని పసుపువన్నెను మెచ్చుకొందురు. ఆ కాలపు ఇంజనులలో ఇట్టి జంట ఏర్పాటుండెడిదని ఎఱిగినవారు కొలదిమంది.

తరువాత అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అను ఇంజనీరు బ్యాటరీ విధానమును స్థిరమైన రూపమునకు తెచ్చెను. 1912 నాటి కాడిలాక్ కారులో విద్యుత్ స్టార్టరు, దీపములు, జ్వలన విధానము ఒకే ఏర్పాటుగా అమరినవి. ఆ జ్వలన విధానమే సుమారు అఱువది సంవత్సరములు లోకమంతట వాడుకలో నుండెను. 1950-60 దశకములలో భారతదేశపు రోడ్లపై తిరిగిన అంబాసిడరు, ఫియట్ కార్లలోను ఉండినది అదియే.

దాని పని సులభముగనే తెలియును. కాయిల్ అను తీగచుట్టలో లావుతీగ కొన్ని వందల చుట్లును, సన్నతీగ వేలకొలది చుట్లును ఉండును. లావుతీగలో బ్యాటరీ విద్యుత్తు ప్రవహించునపుడు నడుమనున్న ఇనుము అయస్కాంతమగును. ఆ ప్రవాహమును తటాలున త్రెంచినచో అయస్కాంతశక్తి ఒక్కసారిగా తగ్గిపోయి, సన్నతీగలో వేలకొలది వోల్టులు పుట్టును. త్రెంచు పని పాయింట్లది. ఇవి రెండు చిన్న లోహపు బిళ్ళలు. ఇంజనుతో పాటు తిరుగు ఇరుసుపైని మిట్టలు వీనిని విడదీయుచుండును. విడిపోయినపుడు వీని నడుమ ఎడము పలుకార్లలో ఇంచుమించు 0.4 మిల్లీమీటరు. విడిపోవునపుడు బిళ్ళలు కాలిపోకుండ కండెన్సరు కాపాడును. పుట్టిన విద్యుత్తును డిస్ట్రిబ్యూటరులోని రోటరు, పంక్తిలో వడ్డించువాడు వరుస తప్పక వడ్డించినట్లు, ఏ సిలిండరు వంతు వచ్చునో దాని ప్లగ్గునకు అందించును.

అయితే క్షణమునకు పదులకొలది మారులు కలియుచు విడిపోవుచుండు బిళ్ళలు ఎంతకాలము నిలుచును? అవి కొంచెము కొంచెముగా కాలి గుంటలు పడును. మిట్టలతో రాచుకొను భాగము అరిగి, ఎడము తగ్గును. ఎడము తగ్గినచో రవ్వ పుట్టు వేళయు తప్పును. కావున కొన్ని వేల కిలోమీటర్లకొకమాఱు మూత తెఱచి, బిళ్ళలను శుభ్రపఱచి, ఎడమును కొలిచి సరిచేయవలెను.

ఈ శ్రమను తొలగించినది ట్రాన్సిస్టరు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు పుట్టిన ఈ చిన్న పరికరము, కదలు భాగములు లేకుండగనే విద్యుత్ప్రవాహమును త్రెంచగలదు. క్రైస్లర్ సంస్థ 1973 నాటి తన అమెరికా కార్లన్నింటికిని ఎలక్ట్రానిక్ జ్వలనమును అమర్చెను. నేడు ప్రాత కార్లకు సరిపడు ఎలక్ట్రానిక్ పరికరములు అంగళ్ళలో లభించుచున్నవి. పాయింట్లు ఉండెడి చోట ఒక చిన్న పెట్టెను బిగించి, ఇరుసునకు అయస్కాంతములు గల వలయమును తొడుగుదురు. అయస్కాంతము ఎదుటికి వచ్చినపుడెల్ల పెట్టె దానిని గుర్తించి ప్రవాహమును త్రెంచును. రాపిడి లేదు, అరుగుదల లేదు. మూత పెట్టినచో మార్పు జరిగినట్లు వెలికి కానరాదు.

ఇచ్చటనే ప్రాత కార్ల యజమానులకు సందేహము కలుగుచున్నది. మార్చవలెనా? మానవలెనా?

మార్చవలెననువారి మాటలో న్యాయము కలదు. చలి ఉదయమున ఇంజను తేలికగా మేల్కొనును. వేగము హెచ్చినను రవ్వ తడబడదు. నేడు అంగడిలో దొరకు పాయింట్లును కండెన్సర్లును అన్నియు ఒకే నాణ్యము గలవి కావు. క్రొత్తగా వేసినదే కొలది దినములలో చెడుట కలదు. రద్దీగల మార్గమున నడుమ ఆగిపోయిన కారు యజమానునికే కాక, వెనుక వచ్చువారికిని అపాయము.

మార్చరాదనువారి మాటయు త్రోసివేయదగినది కాదు. పాయింట్లు చెడుటకు ముందు సూచనలు చూపును: ఇంజను తడబడును, బలము తగ్గును. ఒక ఆకురాయియు, ఎడమును కొలుచు రేకును ఉన్నచో చెట్టునీడన నిలిపి పావుగంటలో సరిచేయవచ్చును. ఎలక్ట్రానిక్ పెట్టె చెడునపుడు తఱచుగా ఏ సూచనయు లేకుండ చెడును. దానిని విప్పి బాగుచేయుట త్రోవలో సాధ్యము కాదు. ఇంతకన్న ముఖ్యమైనది మఱియొకటి కలదు. ప్రాత కారు వట్టి వాహనము కాదు. ఒక కాలమువారి ఆలోచనకు సాక్ష్యము. కెట్టరింగ్ పన్నిన ఉపాయమును పుస్తకములో చదువుట వేఱు. మూత తెఱచి, బిళ్ళలు విడిపోవుట కన్నులార చూచుట వేఱు.

మార్పునకు పూనుకొనువారు ముందుగా గమనింపవలసినవి కొన్ని కలవు. ప్రాత కార్లలో కొన్నింటికి బ్యాటరీ ధనధ్రువము, కొన్నింటికి ఋణధ్రువము కారు చట్రమునకు కలుపబడియుండును. వోల్టులును వేఱువేఱు. వీనికి సరిపడని పెట్టెను తగిలించినచో అది క్షణములో కాలిపోవును. డిస్ట్రిబ్యూటరు ఇరుసు అరిగి ఊగులాడుట, మూత పగులుట, ప్లగ్గు తీగలు చివుకుట మొదలగు దోషములున్నచో, క్రొత్త పెట్టె వానిని నయము చేయజాలదు. దోషమెచ్చటనున్నదో తెలిసికొనక భాగములను మార్చువాడు, రోగమెఱుగక మందు వేయు వైద్యునివంటివాడు. పాయింట్లను ఉంచియే, వానికి ట్రాన్సిస్టరును తోడుగా నిలుపు నడిమి మార్గము కూడ కలదు. అప్పుడు పాయింట్లపై స్వల్ప విద్యుత్తు మాత్రమే ప్రవహించును గనుక అవి కాలవు.

ప్రాచీన వాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఆమోదించిన టురిన్ నియమపత్రము ఈ విషయమున ఉత్తమమైన దారి చూపుచున్నది. మార్పు అవసరమైనంత మాత్రమే ఉండవలెను. తిరిగి పూర్వస్థితికి తెచ్చుటకు వీలుగా ఉండవలెను. తీసివేసిన ముఖ్యభాగములను కారుతో పాటు భద్రపఱచవలెను. భారత ప్రభుత్వము 2021లో చేసిన నియమముల ప్రకారము ఏబది సంవత్సరములు దాటి, మూలరూపమును పెద్దగా కోల్పోని కార్లను వింటేజి వాహనములుగా నమోదు చేయుదురు. అట్లు నమోదైన కారును నిత్యప్రయాణములకు గాని, వ్యాపారమునకు గాని వాడరాదు. ఏడాదిలో కొలది దినములు మాత్రమే వెలికివచ్చు అట్టి కారునకు, అరుగుదలనుండి కాపాడు క్రొత్త పెట్టెవలన కలుగు లాభము స్వల్పమే.

కావున ఈ ప్రశ్నకు సమాధానము కారు చేయు పనిని బట్టి మారును. ప్రదర్శనశాలలోని కారునందు మూలభాగములే ఉండదగును. అది చూపవలసినది గతమును. దూరయాత్రలకు పోవు కారునందు క్రొత్త పెట్టె తప్పు కాదు. అయినను తీసివేసిన పాయింట్లను, కండెన్సరును ఒక డబ్బాలో పెట్టి కారులోనే ఉంచుట వివేకము. పెట్టె నడిదారిలో చెడినచో అవియే ఇల్లు చేర్చును. యజమాని మారిన పిదప వచ్చువాడు మూలరూపమును కోరినచో అవియే దానిని తిరిగి ఇచ్చును.

నూఱేండ్ల కారు ఒక్క యజమానుని సొత్తు కాదు. అతడు దానిని పూర్వులనుండి అందుకొని, రాబోవువారికి అందించు ధర్మకర్త వంటివాడు. అతడు చేయు మార్పును వారు విప్పి మరల సరిచేసికొనగల్గినచో, అతడు తన ధర్మమును నెఱవేర్చినట్లే.