వాయించనివాళ్ళు మోసే వాద్యబృందం

2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా ‘వేలియంట్’ అనే సింఫనీని వినిపించారు. ఆ రోజుల్లో మన పత్రికల్లో సింఫనీ అన్న మాట బాగా నలిగింది. రాసిందెవరో అందరికీ తెలిసింది. కూర్చుని వాయించిందెవరో ఎక్కువమంది పట్టించుకోలేదు. వాయించింది రాయల్ ఫిల్‌హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా. అందులోని వాళ్ళకు వాయించడమే వృత్తి. ఆ సంపాదనతోనే ఇల్లు గడుస్తుంది.

అలాంటి సంపాదన ఏదీ లేకుండా, పగలంతా వేరే పని చేసుకుని, సాయంత్రం వచ్చి అంతటి రచనలనే సాధన చేసే బృందాలు కూడా లోకంలో చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఆఫ్రికాలో, కాంగో రాజధాని కిన్షాసాలో, 1994లో మొదలైంది. పేరు కింబాంగిస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రా. వేరేచోట్ల తెరవెనక జరిగిపోయే పనులన్నీ అక్కడ కళ్ళముందే జరుగుతాయి. అందుకే ఆర్కెస్ట్రా ఎలా నిలబడుతుందో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

ముందు రెండు మాటలు విప్పుకుందాం. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం ప్రతి స్వరాన్నీ ముందే కాగితం మీద రాసిపెట్టిన పొడవాటి రచన. మామూలుగా నాలుగు భాగాలుంటాయి. ఇక అమెచ్యూర్ అన్న మాట మనకు కొత్తది కాదు. నాటకాల వాళ్ళు ఎప్పుడో తెచ్చిపెట్టారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలుగా పనిచేస్తూనే సరసవినోదిని సభతో నాటకాలు ఆడించారు. పరిషత్తు పోటీల్లో వేషం కట్టే బ్యాంకు గుమాస్తా, బడిపంతులు కూడా ఆ కోవలోని వాళ్ళే. అమెచ్యూర్ అంటే తక్కువరకం అని కాదు. బతుకుతెరువు వేరే ఉన్నవాడని.

అయితే నాటకానికున్న వెసులుబాటు సింఫనీకి లేదు. మనుషులు చాలకపోతే నాటక సమాజం నలుగురితో ఆడే నాటికను ఎంచుకుంటుంది. బీథోవెన్ తొమ్మిదో సింఫనీని నలుగురితో వాయించలేం. వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దవైన వయోలాలు, చెల్లోలు, నిలబడి వాయించే డబుల్ బేస్‌లు కావాలి. ఫ్లూట్లు, క్లారినెట్లు, ఓబోలు, బసూన్లు రెండేసి కావాలి. నాలుగు హారన్లు, రెండు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, డప్పులు, తాళాలు. చివరి భాగానికి నలుగురు గాయకులు, వాళ్ళ వెనక ఒక పెద్ద గాయక బృందం.

ఈ జాబితాలో ఒక కిటుకు ఉంది. వయొలిన్లు పదీ పన్నెండూ కలిసి ఒకే వరస వాయిస్తాయి. వెనక కుర్చీలోని ఆయన జ్వరం వచ్చి మానేసినా వినేవాళ్ళకు తెలియదు. ఒక స్వరం తప్పినా పక్కవాళ్ళు కప్పేస్తారు. ఊదే వాద్యాల సంగతి అలా కాదు. ఓబో (రెండు సన్నటి రెల్లుముక్కల మధ్య ఊదే, మన సన్నాయి జాతి వాద్యం) ఇద్దరు వాయిస్తే, ఇద్దరిదీ వేర్వేరు వరస. ఒకరు రాకపోతే సంగీతంలో అక్కడ చిల్లు పడుతుంది. పైగా కచేరీకి ముందు బృందమంతా శ్రుతి కలుపుకునేది ఓబో ఇచ్చే స్వరంతోనే.

అమెచ్యూర్ బృందాల కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఫ్లూటు నేర్చుకున్నవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. బసూన్ (పొడవాటి గొట్టంలా ఉండి కింది స్థాయిలో పలికే వాద్యం) కొనడానికి డబ్బు ఉండాలి, నేర్పేవాడు ఉండాలి. అందుకని యూరప్, అమెరికాల్లోని అమెచ్యూర్ బృందాలు బసూన్ వాయించేవాణ్ణి ఆ ఒక్క కచేరీకి డబ్బిచ్చి పిలుచుకోవడం మామూలు. రచనల ప్రతులు అద్దెకు తెచ్చుకుంటాయి. సాధనకు హాలు అద్దె కడతాయి. ఈ ఖర్చులకు చాలాచోట్ల సభ్యులే చందా వేసుకుంటారు. అంటే వాయించినందుకు డబ్బు రాకపోవడం అలా ఉంచి, ఎదురు డబ్బిచ్చి వాయిస్తారన్నమాట. చాలనిది ‘ఆర్కెస్ట్రా మిత్రులు’ అనే ఊరివాళ్ళ సంఘం చూసుకుంటుంది. వాళ్ళు టిక్కెట్లు అమ్ముతారు, కుర్చీలు వేస్తారు, విరామంలో టీ పోస్తారు. వేదిక మీద ఒక్కసారి కూడా కనిపించరు.

కిన్షాసాలో కథ తలకిందులుగా నడిచింది. మిగతా చోట్ల ముందు ఆర్కెస్ట్రా పుట్టి, తర్వాత ఆదరించేవాళ్ళను వెతుక్కుంటుంది. ఇక్కడ ఆదరించేవాళ్ళు డెబ్బై ఏళ్ళ ముందే ఉన్నారు.

1921లో సిమోన్ కింబాంగు అనే ఆయన కాంగోలోని న్‌కాంబా అనే ఊళ్ళో బోధలు మొదలుపెట్టాడు. రోగాలు నయం చేస్తాడన్న పేరు పాకింది. పనులు మానుకుని జనం తండోపతండాలుగా వచ్చారు. అప్పుడు ఆ దేశాన్ని ఏలుతున్న బెల్జియం వాళ్ళు భయపడ్డారు. అదే ఏడాది ఆయన్ను పట్టుకుని మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చారు. ముప్పై ఏళ్ళు జైల్లోనే ఉండి 1951లో ఆయన చనిపోయాడు. ఆయన వెంట నడిచినవాళ్ళను ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టారు. అయినా సంఘం చావలేదు. 1959లో ప్రభుత్వం గుర్తించక తప్పలేదు. అదే కింబాంగిస్ట్ చర్చి.

ఆ చర్చిలో సంగీతం ఒక అలంకారం కాదు, నిత్యకృత్యం. ఇత్తడి బాకాల బ్యాండులు, ఫ్లూటు బృందాలు, గాయక బృందాలు ఎక్కడికక్కడ ఉంటాయి. ఇంకో అలవాటు కూడా ఉంది. దాన్ని న్‌సిన్సానీ అంటారు. చందాలు వసూలు చేసే పద్ధతి అది. మగవాళ్ళు ఒక జట్టు, ఆడవాళ్ళు ఒక జట్టు, కుర్రాళ్ళు ఒక జట్టు. బ్యాండు మోగుతుంటే ఒకరిని మించి ఒకరు వచ్చి డబ్బు వేస్తారు. ఎవరు ఎక్కువ తెస్తారా అని పోటీ. బయటి దాతల కోసం ఎదురుచూడకుండా ఈ చర్చి తన గుళ్ళు చాలావరకు ఇలాగే కట్టుకుంది. అంటే ఆర్కెస్ట్రా పుట్టేనాటికే ఒక చోట చేరడం, కలిసి పాడడం, ఉన్నది పంచుకోవడం వాళ్ళకు అలవాటైన పనులు. ఈ మూడూ లేని ఊళ్ళో ఎంత గొప్ప వాద్యగాడైనా ఆర్కెస్ట్రా కట్టలేడని నా అభిప్రాయం.

ఆర్కెస్ట్రా పెట్టింది అర్మాన్ డియాంగియెండా. కింబాంగుకు మనవడు. ఆయన తండ్రి ఆ చర్చికి పెద్దగా ఉండి 1992లో కన్నుమూశాడు. అర్మాన్ విమానాలు నడిపే పైలట్. ఆ ఉద్యోగం పోయింది. సంగీతంలో చాలావరకు తనకు తానే నేర్చుకున్నవాడు. మొదట పదిమందికి అటూఇటూగా చేరారు. బాకాలు ఊదేవాళ్ళకు చర్చి బ్యాండుల్లో కొదవలేదు. లేనివల్లా తీగల వాద్యాలు. వయొలిన్ల కంటే నేర్చుకునేవాళ్ళు ఎక్కువ. అందుకని వంతులు వేసుకున్నారు. ఒకరు కాసేపు వాయించి పక్కవాడికి ఇవ్వాలి. ముందు నేర్చుకున్నవాడు తర్వాత వచ్చినవాడికి చెప్పాలి. వేరే గురువు లేడు.

తీగ తెగితే కొత్తది కొనడానికి ఊళ్ళో దుకాణం లేదు. సైకిల్ బ్రేకు తీగ బిగించారు. ఈ సంగతి ప్రపంచమంతా వింతగా చెప్పుకుంది. దీని వెనక మామూలు భౌతికశాస్త్రమే ఉంది. తీగ స్వరం మూడింటి మీద ఆధారపడుతుంది: పొడవు, బిగువు, బరువు. వయొలిన్ మీద పొడవు మారదు. బిరడా తిప్పితే బిగువు మారుతుంది. కాబట్టి తెగకుండా అంత బిగువును ఓర్చుకునే ఉక్కు తీగ ఏదైనా ఏదో ఒక స్వరం పలుకుతుంది. కాకపోతే బ్రేకు తీగ బిరుసు. అసలు తీగ నాదం దానికి రాదు. అది దిక్కులేనప్పటి ఏర్పాటని వాళ్ళకు తెలుసు.

డబుల్ బేస్ సంగతి ఇంకా ముచ్చటైనది. మనిషిని మించిన ఎత్తుండే ఆ వాద్యాన్ని కొనే స్తోమత లేదు. ఆర్కెస్ట్రా నిర్వాహకుడే ఒకదాన్ని విప్పి, కొలతలు తీసుకుని, చెక్కతో కొత్తవి తయారుచేశాడు. రచనల ప్రతులు చేత్తో రాసుకున్నారు. ఇది చిన్న పని కాదు. వాద్యగాళ్ళ ముందు ఉండేది మొత్తం రచన కాదు, ఎవరి వరస వాళ్ళకు విడిగా రాసిన కాగితం. ఎన్ని వాద్యాలుంటే అన్ని రకాల ప్రతులు.

ఆర్కెస్ట్రాలో చేరినవాళ్ళు ఎవరంటే, బజార్లో సరుకు అమ్ముకునేవాళ్ళు, జుట్టు కత్తిరించేవాళ్ళు, ఎలక్ట్రీషియన్లు, చదువుకునే పిల్లలు. దాదాపు ప్రతి సాయంత్రం సాధన. బస్సు చార్జీకి డబ్బు లేక నడిచి వచ్చేవాళ్ళున్నారు. ఈలోగా దేశంలో 1996లో ఒక యుద్ధం, 1998లో ఇంకొకటి. ప్రభుత్వం మారింది, దేశం పేరే మారింది. సాధన మాత్రం ఆగిపోలేదు.

2010లో ఇద్దరు జర్మన్ దర్శకులు ‘కిన్షాసా సింఫనీ’ అనే డాక్యుమెంటరీ తీశారు. అప్పటికి వాయించేవాళ్ళూ పాడేవాళ్ళూ కలిపి 200 మంది దాకా ఉన్నారు. ఆ చిత్రం తర్వాత విదేశాల నుంచి వాద్యాలు వచ్చాయి, నేర్పేవాళ్ళు వచ్చారు. 2013లో లండన్‌లోని రాయల్ ఫిల్‌హార్మోనిక్ సొసైటీ అర్మాన్‌కు గౌరవ సభ్యత్వం ఇచ్చింది. 2014లో ఆర్కెస్ట్రా బ్రిటన్ వెళ్ళి వాయించి వచ్చింది. దూరపు దాతలు వచ్చాక ఒక మార్పు సహజం. మంచి వయొలిన్‌కు మంచి తీగలే కావాలి, బాగుచేసే పనివాడు కావాలి. దానంగా వచ్చిన వస్తువుకు నిర్వహణ ఖర్చు దానంగా రాదు. అది మళ్ళీ దగ్గరివాళ్ళ మీదే పడుతుంది.

ఆ చిత్రంలో వాళ్ళు సాధన చేస్తున్నది కూడా బీథోవెన్ తొమ్మిదో సింఫనీయే. పాడేవాళ్ళు జర్మన్ భాష తెలియకుండానే ఒక్కో మాట పలకడం నేర్చుకుంటారు. ఇది సాహసమని కొందరు ముచ్చటపడ్డారు. చరిత్ర చూస్తే అంత వింత కాదు. 1824లో వియన్నాలో ఆ రచనను మొట్టమొదట వినిపించినప్పుడు నాటకశాల వాద్యబృందం ఒక్కటీ చాలలేదు. సంగీత మిత్రుల సంఘం నుంచి అమెచ్యూర్లను పిలిపించి లోటు పూడ్చారు. ఆ సింఫనీ పుట్టినప్పుడే అందులో జీతం లేని చేతులున్నాయి.

మన దగ్గర వయొలిన్ కొత్త వాద్యం కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి విజయనగరం నుంచి ఈనాటి దాకా వేలమంది నేర్చుకున్నారు. మరి తెలుగునాట సింఫనీ ఆర్కెస్ట్రాలు ఎందుకు కనిపించవు? ప్రతిభ తక్కువై కాదు. మన వయొలిన్ ఒక్కరే గమకంతో పలికించడానికి, లేదా గాయకుడి వెంట నడవడానికి తయారైంది. సింఫనీలో పన్నెండు మంది కమానులు ఒకే దిక్కుకు కదలాలి. అది వేరే శిక్షణ. ముంబయిలో ఆ శిక్షణ ఉన్న గోవా వాద్యగాళ్ళకు పూట గడిచింది సినిమా రికార్డింగులతో. అక్కడ బొంబాయి ఛాంబర్ ఆర్కెస్ట్రా అనే అమెచ్యూర్ బృందం 1962లో మొదలైంది.

కిన్షాసాకు దగ్గరి పోలిక మన సంగీత సభల కంటే రామమందిరం భజన బృందంలో కనిపిస్తుంది. హార్మోనియం ఎవరిదీ కాదు, గుడిది. తబలా మూత చిరిగితే ఊరు చందా వేస్తుంది. పాడనివాళ్ళు చాపలు పరుస్తారు. రాలేనివాళ్ళు ప్రసాదానికి బియ్యం పంపుతారు. ఈ పోలికను మరీ లాగకూడదు. భజనలో ఒకరు తక్కువైనా పాట సాగుతుంది. పైగా కిన్షాసాలో పిలిచింది కింబాంగు మనవడు. ఆ మాటకున్న బరువు ఇంకో ఊళ్ళో ఇంకొకరు పిలిస్తే ఉండదు. ఆయన తర్వాత ఆ పిలుపు ఎవరిదన్న ప్రశ్న ఆ ఆర్కెస్ట్రా ముందు ఎప్పుడూ ఉంటుంది.

ఆ డాక్యుమెంటరీలో ఒక సందర్భం ఉంది. తొమ్మిదో సింఫనీ నడుస్తుండగా కరెంటు పోతుంది. కిన్షాసాలో అది మామూలే. కాగితాలు కనబడవు. వాయించేవాళ్ళలో ఒకాయన పగలు ఎలక్ట్రీషియన్. ఫ్యూజు సంగతి చూడాల్సింది ఆయనే.