వదిలేసిన నేర్పు వెంటే వచ్చింది

నిజాం కాలంలో రాజురా ఆదిలాబాద్ జిల్లాలోని తాలూకా. భాషా రాష్ట్రాలు ఏర్పడ్డాక 1956లో నాందేడ్‌కూ, 1959లో చాందాకూ, అంటే నేటి చంద్రపూర్‌కూ మారింది. సర్కారు గీత మారినంత మాత్రాన జనం మారరు. ఇక్కడి బజారులో తెలుగు, మరాఠీ, గోండి కలిసే వినిపిస్తాయి. 1962లో రోమ్ ఈ చాందా ప్రాంతాన్ని కేరళలోని సిరో-మలబార్ సభకు అప్పగించింది. అందులోని మలయాళ గురువుల్లో సి.ఎం.ఐ. అనే సన్యాస సభవారికి ఆ బాధ్యత దక్కింది. పుట్టిన ఊళ్ళో గుడి, చుట్టూ తెలిసిన భక్తులు, సొంత భాషలో ప్రార్థన: కేరళ పిల్లవాడు గురువు కావాలనుకున్నప్పుడు ఊహించుకునే జీవితం మామూలుగా ఇదే. దొరికింది మాత్రం బొగ్గు గనులూ అడవులూ ఉన్న మూడు భాషల సరిహద్దు. అయితే వాళ్ళు ఇక్కడ మొదలుపెట్టిన పనులను చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. వాళ్ళ సభ వ్యవస్థాపకుల్లో ఒకరైన చావర కురియాకోస్ ఏలియాస్ 1864లోనే చర్చి ఉన్న ప్రతిచోటా బడి ఉండాలని ఆదేశించారు. చాందాకు వచ్చినవాళ్ళూ బడులే పెట్టారు. దారి కొత్తదైనా చేతిలో ఉన్న నేర్పు పాతదే.

క్రైస్తవంలో పిలుపు అనగానే మనకు గుర్తొచ్చేది వలలు ఒడ్డున పడేసి యేసు వెంట నడిచిన జాలరులు. పిలుపు వచ్చాక వెనకటి బతుకు అక్కరకు రాదన్న అభిప్రాయం దాని నుంచే బలపడింది. కానీ అదే బైబిల్లో పౌలు కొరింథులో డేరాలు కుట్టి పొట్టపోసుకున్న సంగతి కూడా ఉంది. పిలుపును ఊహించని మలుపులో అర్థం చేసుకోవడానికి జాలరుల కంటే ఆ డేరాల పనివాడే ఎక్కువ పనికొస్తాడని నా వాదన. మనిషి ఇక అవసరం లేదనుకున్న పనితనాన్నే పిలుపు చాలాసార్లు వెతికి పట్టుకుంటుంది. తెలుగు నేల మీద దీనికి ఒంగోలు చరిత్ర కంటే మంచి సాక్ష్యం లేదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. కుర్రతనంలో ప్రభుత్వ భూసర్వే బృందాలతో పనిచేశారు. లాయరు కావాలని చదువుకు వెళ్ళి, అక్కడ విశ్వాసిగా మారి, 1865లో బాప్టిస్టు మిషనరీగా మన దేశానికి, మరుసటి ఏడు ఒంగోలుకు వచ్చారు. వాక్యం చెప్పేవాడికి సర్వే గొలుసుతో ఏం పని? పదేళ్ళు ఆ ప్రశ్నకు జవాబు లేదు. తర్వాత 1876-78 కరువు వచ్చింది. మనవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునేది అదే. మద్రాసు ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. పనిచోట మాదిగలకు అవమానాలు, మేస్త్రీల దౌర్జన్యం తప్పలేదు. క్లౌ దొర మూడున్నర మైళ్ళ కాలువను తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. కొలతలూ మట్టి లెక్కలూ ఆయనకు కొత్త కాదు. ఉపదేశకులనే మేస్త్రీలుగా పెట్టారు. దాంతో ఆకలితో వచ్చినవాళ్ళు తిట్లు పడకుండా పనిచేసి కూలి తీసుకున్నారు. పని ఆగిన వేళల్లో ఆ మేస్త్రీలే వాళ్ళ పక్కన కూర్చుని వాక్యం చెప్పారు.

ఈ కథలో దొర ఒక్కడే లేడు. ఆయన వచ్చిన తొలినాళ్ళలోనే చేరిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసిన మాదిగ. సరుకు కోసం ఊళ్ళు తిరిగినవాడు, అంతకుముందు గురువుల దగ్గర యోగం సాధన చేసినవాడు. ఏ గూడెంలో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరికి ఎవరు చుట్టమో ఆయనకు తెలిసినంతగా ఏ మిషనరీకీ తెలియదు. తోళ్ళ బేరం నడిచిన దారుల్లోనే సువార్త నడిచింది. చరిత్ర పుస్తకాల్లో కాలువకు దక్కినంత చోటు ఈ వ్యాపారికి దక్కదు. ఉద్యమం నిలబడింది మాత్రం ఇలాంటివాళ్ళ మీదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పకుండా వస్తుంది. కరువులో కూడు పెట్టి మతం మార్చడాన్ని పిలుపు అనవచ్చా? 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిందన్న లెక్క వింటే ఆ అనుమానం రావడం సహజం. అయితే అనుమానించేవాళ్ళు తేదీలను కూడా చూడాలి. కరువు తీవ్రంగా ఉన్న దాదాపు 15 నెలలూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. ఈ నింద వస్తుందని ఆయనకు ముందే తెలుసు. కరువు పనులు ముగిశాకే గుండ్లకమ్మ ఒడ్డున జనం చేరారు. ఆ రోజు నీళ్ళలో ముంచింది కూడా ఆయన కాదు, ఆరుగురు ఉపదేశకులు. ఇంతటితో అనుమానమంతా తీరిపోతుందని నేను అనను. ఆకలి వేళ తమను మనుషులుగా చూసినవాడి మీద కృతజ్ఞత ఆ జనం మనసులో ఉండే ఉంటుంది. కృతజ్ఞత ఎక్కడ ఆగి విశ్వాసం ఎక్కడ మొదలైందో విడదీసి చూపే కొలబద్ద ఎవరి దగ్గరా లేదు. అగ్రకులాల భక్తికి మనం ఎన్నడూ పెట్టని పరీక్ష మాదిగల భక్తికి మాత్రం ఎందుకు పెడుతున్నామో కూడా ఆలోచించాలి.

రెండో ఆక్షేపణ ఇంకా పదునైనది. ఏ జీవితాన్నయినా వెనక్కి తిరిగి చూస్తే అన్నీ ఒక దారానికి గుచ్చినట్టే కనిపిస్తాయి కదా, అందులో దైవం పిలుపు ఏముంది? నిజమే, వెనకచూపు మోసం చేస్తుంది. అందుకే నేను చూసేది దారి ఎంత చక్కగా కలిసిందన్నది కాదు, కలవడానికి ఆ మనిషి ఏం పోగొట్టుకున్నాడన్నది. మాదిగలను చేర్చుకుంటే పై కులాలవాళ్ళు రారని ఒంగోలులో క్లౌను ముందే హెచ్చరించారు. అలాగే జరిగింది, ఆ పిల్లలు బడి మానేశారు. ఆయన మాదిగలనే ఉంచుకున్నారు. తన సౌకర్యానికి కథ అల్లుకునేవాడు ఆ నష్టం కొనితెచ్చుకోడు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య జీవితాన్ని కూడా ఇలాగే చూడాలి. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన ఈ తమిళుడు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగారు. 1903లో తిరునెల్వేలిలో, 1905లో జాతీయ స్థాయిలో, భారతీయులే నడిపే మిషనరీ సంఘాల స్థాపనలో ముందున్నారు. మిగతావాళ్ళను పంపిన మనిషి 1909లో తానే నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి, ముప్పై దాటాక తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. బిషప్‌గా ఆయన చేసిన పని చూస్తే పాత కార్యదర్శే కనిపిస్తాడు. పల్లె ఉపాధ్యాయులకు శిక్షణ, వాళ్ళ భార్యలకూ చదువు, బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సాక్ష్యం చెప్పాల్సిందేనన్న పట్టు. గద్దెనెక్కినా ఆయన సంఘం నడిపే మనిషే.

1910లో ఎడిన్‌బరో మహాసభలో, తెల్ల మిషనరీలు మన క్రైస్తవులకు స్నేహం ఇవ్వడం లేదని ముఖం మీదే చెప్పిన ఈయనను 1930లలో గాంధీ వర్గం వేరే కోణంలో తప్పుపట్టింది. దళితుల సామూహిక మతమార్పిడి ఆత్మ మార్పు కాదని గాంధీ వాదం. అజరయ్య దాన్ని ఒప్పుకోలేదు. గూడెంవాళ్ళు కుటుంబాలుగా బతుకుతారు, కుటుంబాలుగానే నిర్ణయిస్తారు. విశ్వాసం వచ్చాక తాగుడు మానారు, పిల్లలను బడికి పంపారు అని ఆయన జవాబు. ఈ వాదులాట నేటికీ తెగలేదు. క్రైస్తవుల్లో కొనసాగిన మాల మాదిగ పట్టింపులను తలుచుకుంటే, అజరయ్య ఆశించినంత మార్పు రాలేదని కూడా ఒప్పుకోవాలి.