బ్రేకవుట్ – నష్టానికి హద్దు

ఒక షేరు ధర కొన్ని వారాలుగా 90, 100 రూపాయల మధ్యే తిరుగుతోందనుకోండి. 100కు చేరగానే అమ్మేవారు పెరుగుతారు, ధర వెనక్కి తగ్గుతుంది. ఈ 100ను నిరోధస్థాయి అంటారు. ఒకరోజు లావాదేవీలు బాగా పెరిగి, ధర 102 వద్ద ముగిస్తే అది బ్రేకవుట్. అయితే ధర మళ్లీ 100 దిగువకు జారడమూ మామూలే. అందుకే 102కు కొన్నవారు 97 వద్ద స్టాప్‌లాస్ పెడతారు. షేరుకు నష్టం 5 రూపాయలు. మొత్తం 500కు మించి పోకూడదనుకుంటే 100 షేర్లే కొనాలి. బ్రోకరు రుసుం వేరు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్టాప్‌లాస్ అమ్మమని ఇచ్చే ఆదేశమే గాని, ఆ ధర దొరుకుతుందన్న హామీ కాదు. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్‌నే తీసుకోండి. 2009 జనవరి 6న ఆ షేరు సుమారు 179 రూపాయల వద్ద ముగిసింది. ఖాతాల్లో మోసాన్ని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ మరునాడు బయటపడింది. ఆ రోజే ధర సుమారు 40కి కూలింది. అందరూ అమ్మేవారే అయినప్పుడు, మనం కోరిన ధరకు కొనేదెవరు?

పై ఉదాహరణలో పెట్టుబడి 10,200 రూపాయలు. ఆ షేరూ సత్యంలాగే పడితే పోయేది 500 కాదు, సుమారు 7,900.