దేవుని మంచితనము, పరిశుద్ధత : ఒక కాలువ సాక్ష్యము

సింగరాయకొండ నుండి తూర్పుగా సముద్రతీరమునకు పోవువారికి దారిలో బకింగ్‌హాం కాలువ కనబడును. ఒకప్పుడు సరకుల పడవలు సాగిన ఆ నీటి బాటలో రాకపోకలు నిలిచి చాలాకాలమైనది. అయినను, దేవుడు మంచివాడనియు పరిశుద్ధుడనియు క్రైస్తవ సంఘము పలుకు మాటకు అర్థమేమో మన విద్యార్థులకు వివరింపబూనిన మాకు ముందుగా స్ఫురించినది ఈ కాలువయే.

మంచితనమనగా అర్హతను లెక్కింపక అందరికిని మేలు చేయుట. నీతిమంతుని చేనిపైనను అన్యాయపరుని చేనిపైనను దేవుడు వానను ఒక్కరీతిగా కురిపించునను క్రీస్తు బోధ దీనికి మూలము. పరిశుద్ధత యనగా కల్మషమునకు దూరముగా, ప్రత్యేకముగా నుండుట. దీనినే హీబ్రూ భాషలో ‘కాదోష్’ అను పదము తెలుపును. మన ఉర్దూ మిత్రులెరిగిన ‘ఖుద్దూస్’ అను దైవనామము కూడ ఆ ధాతువునకు చెందినదే. మంచితనము దగ్గరకు పిలుచును. పరిశుద్ధత వేరుగా నిలుపును. ఈ రెండింటిని సంఘము తన జీవితములో నెట్లు కలుపుకొనవలెను? ఈ ప్రశ్నకు మన ప్రాంత చరిత్రలోనే ఒక సమాధానమున్నది.

అమెరికను బాప్తిస్టు మిషను 1840లో నెల్లూరులో స్థిరపడెను. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరెను. ఆ యేడే తోళ్ల వ్యాపారము చేయు యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను. మాదిగలను చేర్చుకొన్నచో తాము దూరమగుదుమని అగ్రవర్ణములవారు తెలిపినను, క్లౌ దంపతులు వారిని కాదని మాదిగల పక్షముననే నిలిచిరి. చేరినవారు విగ్రహారాధనను, చచ్చిన పశువు మాంసమును, ఆదివారపు పనిని విడువవలసి యుండెను. జాతరలలో డప్పు వాయింపమనినందున పలువురు గ్రామపెద్దల ఆగ్రహమునకు గురియైరి. పరిశుద్ధత వారికి పుస్తకములోని మాట కాదు. ఊరిలో వెల చెల్లించి నిలుపుకొన్న నడవడి.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును ఘోరమైన కరవు పీడించెను. కూలీలకు పని కల్పించుటకై ప్రభుత్వము ఈ కాలువను తవ్వించెను. యౌవనమున భూమి కొలతల పని నేర్చియున్న క్లౌ, మూడున్నర మైళ్ల తవ్వకమును గుత్తకు తీసికొనెను. ఆయన బోధకులే మేస్త్రీలైరి. తట్ట మోసినవానికి కూలి దొరకెను. అతని మతమేదియని అడుగలేదు. ఇది మంచితనము.

అక్కడ బోధ విని బాప్తిస్మము కోరినవారు అనేకులు. అయినను సుమారు పదునైదు నెలలపాటు క్లౌ ఎవరికిని ఇయ్యలేదు. ఆకలికొన్నవాడు కూటి కొరకు తలయూపునేమో యని ఆయన వెరచెను. అన్నము చేతనుంచుకొని విశ్వాసమును కొనగూడదని నిశ్చయించుకొనెను. ఇది పరిశుద్ధత.

కాలువ పని ముగిసి, ఇచ్చుటకు కూలి లేని దినములలో సంఘద్వారము తిరిగి తెరువబడెను. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు సమీపమున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నదిలో దిగి ఈ కార్యమును నెరవేర్చిరి. ఆ యేడు ముగియునప్పటికి ఆ సంఖ్య తొమ్మిదివేలు దాటెను.

వీరందరును కూటి కొరకు చేరినవారేయని ఆక్షేపించువారు నాడును నేడును కలరు. మనిషి అంతరంగమును కొలుచు కొలమానము ఎవరియొద్దను లేదు. ఆపదలో ఆదుకొన్నవాని దైవమెట్టివాడో తెలిసికొనగోరుట దోషమనియు మేము తలంపము. అయితే ఇచ్చినవాని నడవడిని మాత్రము మనము పరీక్షింపవచ్చును. ఆ పరీక్షకు క్లౌ నిలిచెనని మా అభిప్రాయము.

ఈ మేలిమి సంఘమున ఎల్లకాలము నిలిచినదని చెప్పలేము. ఒకే ప్రభువును కొలుచుచు మాలలు, మాదిగలు వేర్వేరు మందిరములలో కూడుకొను గ్రామములు మన సీమలో కలవు. పరిశుద్ధత పేరిట సాటి మనిషిని ఎడముగా నుంచినచో అది అంటరానితనమునకు మరియొక పేరగును. మంచితనము పేరిట మనసును కొన్నచో అది వర్తకమగును. ఒకటి లేనిదే రెండవది నిలువదు.

ఇది క్రైస్తవులకు మాత్రమే చెందిన విషయము కాదు. విద్యార్థి వేతనమిచ్చు సంస్థకును, ఆపత్కాలమున గంజి పోయు సంఘమునకును, సీటు ఇప్పించు పెద్దకును ఈ ప్రశ్న ఎదురగును: ఒక చేతితో ఇచ్చుచు రెండవ చేతితో ఏమి అడుగుచున్నాము? మన విద్యార్థులు రేపు ఇచ్చు స్థానములో నిలిచినపుడు ఈ ప్రశ్నను మరువకుందురని ఆశించుచున్నాము.