కదలెడి కొండపై కాపురము



భూమికి సంస్కృతమున అనేక నామములు గలవు. అమరకోశము చదివినవారు అచల, స్థిర అను రెండు పేరులను ఎఱుగుదురు. చలింపనిది గనుక అచల; నిలుకడ గలది గనుక స్థిర. మనము ఇల్లు కట్టుటయు, పొలమునకు గట్టు వేయుటయు, సరిహద్దురాయి పాతుటయు ఈ నమ్మకము మీదనే. అట్టి నమ్మకమును మాటిమాటికి కొలిచి చూచుకొనవలసిన పేట యొకటి అమెరికా దేశమున గలదు. అచ్చటివారి దినచర్య యెట్టిదో, ఆ నేల యెందులకు కదలుచున్నదో, అందుండి మనము తెలిసికొనవలసిన దేమో ఈ ప్రసంగమున మనవి చేసెదను. నేను ఆ చోటును కన్నులార చూచినవాడను గాను. అచ్చటి పురపాలక సంఘమువారును భూగర్భశాస్త్రజ్ఞులును ప్రకటించిన విషయములను చదివి గ్రహించినంత చెప్పుచున్నాను.

కాలిఫోర్నియా రాష్ట్రమున, లాస్ ఏంజిలీస్ నగరమునకు దక్షిణముగా, పసిఫిక్ మహాసముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కొండనేల యున్నది. దానిని పాలోస్ వెర్డీస్ ద్వీపకల్పమందురు. దాని దక్షిణపు వాలున, రాంచో పాలోస్ వెర్డీస్ అను పురములో, పోర్చుగీస్ బెండ్ అను పేట కలదు. పందొమ్మిదవ శతాబ్దమున తిమింగలములను వేటాడు పోర్చుగీసువారు ఆ తీరమును ఆశ్రయించి యుండుటచే ఆ పేరు వచ్చినది. 1913వ సంవత్సరమున వాండర్లిప్ అను న్యూయార్కు నగరపు బ్యాంకరు, మరికొందరితో గూడి, ఈ ద్వీపకల్పమున 16,000 ఎకరముల నేల కొనెను. ఆ రోజులలో తెచ్చి పెంచిన నెమళ్ల సంతతి నేటికిని అచ్చటి చెట్లమీద కూయుచు తిరుగుచున్నది. అవి మన దేశపు జాతి నెమళ్లే యని వినుట మనకు వింతగా నుండును.

ఈ పేటకు గేటు గలదు. అనగా లోపలి బాటలు ప్రభుత్వమువి గావు, ఇండ్లవారి యుమ్మడి సొత్తు. లోపల నుండువారును, వారు రమ్మనినవారును తప్ప ఇతరులు వాహనముతో ప్రవేశింపరాదు. ఇండ్లవారందఱు ఒక సంఘముగా నేర్పడి, తలకింత చందా వేసికొని, బాటలను, గేటును, గుఱ్ఱపుబాటలను బాగుచేసికొందురు. ఇండ్లు ఒకదానికొకటి దూరముగా నుండును. కొందరు గుఱ్ఱములను పెంచుదురు, కొందరు పండ్లతోటలు వేసికొందురు. లోపల అంగడి లేదు. ఉప్పునకైనను పప్పునకైనను కారెక్కి కొండ దిగి పోవలసినదే. ప్రొద్దున లేచి కిటికీ తెఱచిన చాలు, ఎదుట సముద్రము. దొంగభయము తక్కువ, రొద తక్కువ, గాలి మంచిది. ఇంతటి సుఖమునకు వారు చెల్లించిన వెలయు పెద్దదే. చాలమందికి జన్మమంతయు కూడబెట్టిన ధనము ఆ యింటియందే యున్నది.

అయితే ఆ వాలు ప్రాచీన కాలముననే జారిన నేల. చిరకాలము కదలక నిలిచియుండి, 1956 ఆగష్టు మాసమున మరల కదలుట మొదలుపెట్టెను. ఆ సమయమున లాస్ ఏంజిలీస్ కౌంటీవారు, అనగా మన జిల్లా పాలకుల వంటివారు, క్రెన్షా అను పెద్దబాటను కొండమీదుగా పొడిగించుచుండిరి. త్రవ్విన మట్టిని ఆ ప్రాచీనపు జారుడునేల తలమీద పోసిరి. తరువాతి కొలది సంవత్సరములలో నూటికి పైగా ఇండ్లు పాడైపోయినవి. ఇండ్లవారు వ్యాజ్యెము వేసిరి. ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 1965లో తీర్పు చెప్పుచు, ప్రజల ప్రయోజనమునకై చేసిన పనివలన ఒకరి సొత్తు పాడైనప్పుడు, ఆ పని అజాగ్రత్తతో చేయకపోయినను, నష్టమును భరింపవలసినది కౌంటీయే యని నిర్ణయించెను. ఆల్బర్స్ వ్యాజ్యెమని ఇది అచ్చటి న్యాయవాదులలో ప్రసిద్ధము.

కార్యమును చూచి కారణమును వెదకుట తర్కశాస్త్రపు మొదటి పాఠము. ఇచ్చట ముఖ్యకారణములు మూడు: మన్ను, వాలు, నీరు.

మొదట మన్ను. కోటి సంవత్సరములకు మించిన పూర్వకాలమున అగ్నిపర్వతముల బూడిద సముద్రములో పడి పొరలుగా పేరుకొన్నది. కాలక్రమమున ఆ బూడిద బెంటొనైట్ అను జిగటమన్నుగా మారినది. దీని స్వభావము మన రైతులకు వేరుగా చెప్పనక్కఱలేదు. మన నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, వానకు ఉబ్బి, కాలు పెట్టిన జారును గదా. నల్లరేగడికి ఈ గుణము నిచ్చు మాంట్‌మొరిల్లొనైట్ అను ఖనిజమే బెంటొనైట్‌కును ముఖ్యాంశము. ఈ కారణముననే మన యూళ్లలో రేగడినేలపై ఇల్లు కట్టువారు గట్టినేల తగులువఱకు పునాది త్రవ్వుదురు. త్రవ్విన గోతిలో ఇసుక నింపుదురు. ఆ కొండలో రాతిపొరల నడుమ ఈ జిగటపొర యున్నది.

రెండవది వాలు. పొరలన్నియు సముద్రమువైపునకే వంగియున్నవి. ఏటవాలుగా పెట్టిన బల్లపై తడిసిన అరటియాకు పఱచి, దానిమీద ఇటుక పెట్టినట్లు భావింపుడు. క్రింద ఆనిక యున్నంతకాలము ఇటుక నిలుచును. ఇచ్చట ఆ యానికను సముద్రపు కెరటములు రేయింబవళ్లు కోయుచునే యున్నవి.

మూడవది నీరు. ఇదియే నిమిత్తకారణము. వాననీరు నెఱ్ఱెలలో దిగి, జిగటపొరను చేరి, పై బరువును కొంత ఎత్తిపట్టినట్లు చేసి, రాపిడిని తగ్గించును. వాన యొక్కటే గాదు. తోటలకు పెట్టిన నీరును, తొల్లి ఇంటింటను నున్న మరుగుగుంటల నీరును నేలలోనికే దిగినవి. కొండపై నొకడు తన పచ్చికకు పెట్టిన నీరు క్రిందివాని గోడను పగులగొట్టగలదు. పైవానికి ఆ సంగతి తెలియనైన తెలియదు.

కదలుచున్న నేలమీద కాపుర మెట్లు చేయుదురని మీరు అడుగవచ్చును. నేల మెల్లగా కదలిన కాలమున వారు దానికి అలవాటుపడిరి. ఇంటిక్రింద ఉక్కుదూలములు అమర్చి, ఒక మూల క్రుంగినప్పుడు జాకీలతో ఎత్తి సరిచేసికొందురు. తలుపు బిగిసిన, ఇల్లు వంగినదని గుర్తించుట వారికి నిత్యకృత్యము. పేటకు దిగువను సముద్రతీరమున పోవు పెద్దబాట అలలవలె ఎగుడుదిగుడగును. దానిని మరల మరల చదును చేయుచుందురు. మురుగుగొట్టములు నేలలో పాతిన తెగిపోవును గనుక, బాటప్రక్కను పైకి కనబడునట్లే వేసిరి.

ప్రక్కనున్న అబలోని కోవ్ అను చోట కూడ నేల కదలుటచే 1978లో పురపాలక సంఘమువారు క్రొత్త ఇండ్ల నిర్మాణమును నిలిపివేసిరి. మరుసటి సంవత్సరము, అనగా 1979లో, రాష్ట్రప్రభుత్వము చట్టమొకటి చేసెను. నేల కదలు చోటులవారు తమలో తాము సంఘముగా నేర్పడి, తమకు తామే పన్ను వేసికొని, ప్రమాదనివారణకు పూనుకొనవచ్చునని దాని సారాంశము. ఆ చట్టము ననుసరించి పుట్టిన మొదటి సంఘము అబలోని కోవ్‌లోనిదే. వారు చేసిన పని మిక్కిలి సామాన్యమైనది: లోతుగా బావులు వేసి, నేలలోని నీటిని పంపులతో తోడి సముద్రములో విడుచుట. మనము త్రాగుటకు తోడుదుము; వారు నిలుచుటకు తోడిరి. బావుల వలన నేల వేగము చాల తగ్గినది. గేటు బాగుగా నున్నదో లేదో చూచువారు పెక్కుమంది. పంపు తిరుగుచున్నదో లేదో చూచువారు కొందఱే. కాని ఆ పేట యింతకాలము నిలిచినది ఆ కొందఱి వలననే యని నా యభిప్రాయము.

తరువాత 2022-23, 2023-24 సంవత్సరముల శీతకాలములలో వరుసగా గొప్పవానలు కురిసినవి. అచ్చట వానకాలము శీతకాలమే. నేల వేగము పెరిగెను. 1951లో ప్రారంభమైన, గాజుతోను కొయ్యతోను కట్టిన వేఫేరర్స్ చాపెల్ అను ప్రసిద్ధ ప్రార్థనామందిరమును 2024 ఫిబ్రవరిలో మూసివేసిరి. పిమ్మట దానిని ఏ ముక్క కా ముక్కగా విప్పి భద్రపఱచిరి. 2024 ఆగష్టునాటికి కొన్ని చోటుల నేల వారమునకు ఇంచుమించు ఒక అడుగు కదలినది. అంతకుముందు ఎఱిగిన జారుపొరకు దిగువను, 300 అడుగులకు మించిన లోతున, వేఱొక జారుపొర కలదని కూడ ఆ సంవత్సరముననే కనుగొనిరి. పాతబావులు అంత లోతునకు పోవు.

గొట్టములు తెగి అగ్నిప్రమాదము కలుగునను భయముచే 2024 జూలై చివర పోర్చుగీస్ బెండ్‌కు వంటగ్యాసును ఆపివేసిరి. సెప్టెంబరు 1న సుమారు 140 ఇండ్లకు విద్యుచ్ఛక్తిని ఆపిరి. రెండు దినముల తరువాత రాష్ట్రపు గవర్నరు అత్యవసరస్థితి ప్రకటించెను. అప్పటి దినచర్యను తలచుకొనుడు. కోట్ల వెలగల ఇల్లు. మీట నొక్కిన దీపము వెలుగదు. కొందఱు ఇల్లు విడిచిపోయిరి. నిలిచినవారు ఎండనుండి విద్యుత్తును తీయు పలకలు, బ్యాటరీలు, జనరేటర్లు, గ్యాసు సిలిండరులు తెచ్చుకొని గడపిరి. అచ్చటి సామాన్యపు గృహభీమా పత్రములు నేల కదలుటచే కలిగిన నష్టమును భరింపవు. కాబట్టి పోయినది మరల వచ్చు దారి లేదు. 2024 అక్టోబరులో, కొన్ని ఇండ్లను కొని, పడగొట్టి, ఆ నేలను ఖాళీగా నుంచుటకై 4 కోట్ల 20 లక్షల డాలర్ల పథకమును ప్రకటించిరి. అయినను ఇల్లనగా వెలకట్టిన వస్తువు మాత్రమే గాదు గదా. బిడ్డలు పుట్టి పెరిగిన గడప విడుచుట ఎవరికైనను కష్టమే.

ఈలోగా క్రొత్తగా మరింత లోతైన బావులు వేసి నీటిని తోడిరి, నెఱ్ఱెలను పూడ్చిరి, వాననీరు ఇంకకుండ వాగులకు అడుగుపఱచిరి. ఆ యేడు సెప్టెంబరు, అక్టోబరు మాసములలో నాలుగు వారములపాటు అమెరికా అంతరిక్షసంస్థవారు విమానమునుండి రాడారుతో కొలిచినప్పుడు, మిక్కిలి వడిగా కదలు చోట వారమునకు 4 అంగుళములని తేలినది. వేగము తగ్గినదే గాని నిలువలేదు.

ఇదంతయు సముద్రముల కావలి కథ యని మనము ఊరకుండదగదు. పోర్చుగీస్ బెండ్‌లో విద్యుత్తు ఆగుటకు ఒక్క దినము ముందు, 2024 ఆగష్టు 31న, పెనువానలకు మన విజయవాడ మొగల్రాజపురములో కొండచరియ విఱిగి ఇండ్లపై పడినది, పలువురు మరణించిరి. రెండింటికి భేదము కలదు. అచ్చటిది మెల్లగా జారు జిగటనేల. ఇచ్చటిది ఒక్క క్షణములో పడిన రాయి. అచ్చటివారు సముద్రపు సొగసు చూచుటకు కొండ యెక్కిరి. మనవారిలో పెక్కుమంది దిగువను నేల కొన శక్తిలేక యెక్కిరి. వారికి మాసములతరబడి హెచ్చరిక దొరకినది, మనవారికి దొరకలేదు. రెండుచోటులను నీరు పాత్ర వహించుట మాత్రము సమానము.

గ్రామములలో పెద్దలైన మీరు ఇంటిస్థలములను గూర్చి నలుగురికి సలహా చెప్పువారు. కొండవాలున ఎవరైనను ఇల్లు కట్టబూనినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు. మట్టిక్రింద నేమున్నది? పైనుండి వచ్చు వాననీరు ఎటు పోవును? క్రింది ఆనికను ఎవరైనను త్రవ్వుచున్నారా? వానకాలమున నేలపై క్రొత్త పగుళ్లు కనబడినను, చెట్లును స్తంభములును ఒరిగినను, తలుపులు కారణము లేక బిగిసినను, లేనిచోట ఊట పుట్టినను, అవి నేల చెప్పు మాటలుగా గ్రహించి, ఆ రాత్రి వేఱొకచోట నిద్రించుట మేలు. సామానులకై వెనుదిరుగవలదు. పైవాని నీరు క్రిందివాని ఇంటిమీదికి పోకుండ కాలువ తీయించుట పంచాయతీ చేయదగిన పని. ఖర్చు స్వల్పము, తగవు చాల తగ్గును.

పోర్చుగీస్ బెండ్‌వారి గేటు నేటికిని తెఱచుకొనుచు మూసికొనుచు నున్నది. ఆ పేట మేలు కోరువారు నేడు ముందుగా విచారింపవలసినది మాత్రము బావిలో నీరు ఎన్ని అడుగుల లోతునకు దిగెనని.